గోల్ఫు మైదానం: రూపమూ, స్వభావమూ

(రాజపాళయంలో మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉగాది సభలో ప్రసంగమంటే పంచాంగ ఫలితాలో, పూర్వకవుల పద్యాలో, మన పెద్దలు ఈ దేశానికి వచ్చిన కథో వినడం మనకు అలవాటు. కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు, గోల్ఫు మైదానం గురించి చెబుతానన్నాను. ఆయన నా ముఖంకేసి ఒక నిమిషం చూచి, "అయ్యా, మనవాళ్ళలో ఆ ఆట ఆడేవారెంతమందండీ?" అని అడిగినారు. ఆయన సందేహం సబబైనదే. నేను ముప్ఫై యేళ్ళపైగా నూలుమిల్లులో యంత్రాల మరమ్మత్తు చూచినవాణ్ణి గాని, గోల్ఫు కర్ర చేత పట్టినవాణ్ణి కాను. ఈ విషయం నాకెందుకు పట్టిందో ముందుగా మనవి చేస్తాను.

మన ఊరికి పడమట, కొండల అంచున, మాకూ మా దాయాదులకూ కలిపి యాభై యెకరాల దాకా నేల వున్నది. కొంత మామిడితోట, కొంత మెట్ట. రెండేళ్ళ క్రితం కొందరు వచ్చి, అక్కడ తొమ్మిది గుంటల గోల్ఫు మైదానం, దానికొక క్లబ్బు, పక్కన విడిది ఇళ్ళు వేస్తామనీ, నేలను దీర్ఘకాలపు కౌలుకిమ్మనీ అడిగినారు. రంగుల పటం ఒకటి తెచ్చి మా నడవలో పరచినారు. చూడడానికి ముచ్చటగానే వున్నది. అంతా ఆకుపచ్చ, మధ్య మధ్య నీలం. చెన్నపట్నంలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఆ పటాన్ని చూచి పొంగిపోయినాడు. "మామా, ఈ నేలమీద ఇన్నేళ్ళలో రాని ఆదాయం ఒక్క సంవత్సరంలో వస్తుంది. ఊరికి పేరు వస్తుంది" అన్నాడు. మా పెద్దవదినెగారు ఆ పటాన్ని తేరిపార చూచి, "ఏనుగు వస్తే కాయ తిని పోతుంది, చెట్టు మిగులుతుంది. ఇది వస్తే చెట్టే మిగలదు గదయ్యా" అన్నారు. ఇద్దరూ నావైపు తిరిగి, "నువ్వు లెక్కలు తెలిసినవాడివి, చూచి చెప్పు" అని నామీద పెట్టినారు.

తెలియని యంత్రాన్ని మరమ్మత్తు చేయమన్నప్పుడు, దాన్ని ముందు విప్పి చూడవలె. అది దేనికోసం పుట్టింది, ఏ భాగం ఏ పని చేస్తున్నది అని తెలుసుకోవలె. కాబట్టి నేను గోల్ఫు మైదానాన్ని విప్పి చూడడం మొదలుపెట్టినాను. పుస్తకాలు తెప్పించుకొన్నాను. కొడైకెనాలు వెళ్ళినాను, చెన్నపట్నం వెళ్ళినాను. అక్కడ తెలుసుకొన్నదే మీకు చెబుతున్నాను.

చూడనివారికోసం నాలుగు మాటలు. క్రికెట్టుకుగాని కబాడీకిగాని నేల సమంగా, చదునుగా వుండవలె. మధురలోని కబాడీ బరీ, బెజవాడలోని కబాడీ బరీ కొలతకు ఒక్కటే. గోల్ఫుకు అట్లా కాదు. పూర్తి మైదానంలో పద్దెనిమిది గుంటలుంటవి. ఒక్కొక్క గుంట వ్యాసం నాలుగుంబావు అంగుళాలు, అనగా మనం నీళ్ళు ముంచుకొనే చెంబు పట్టేటంత. ప్రపంచమంతటా ఆ కొలత ఒక్కటే. కాని ఆ గుంట దాకా పోయే దారి మాత్రం ఏ రెండు చోట్లా ఒకటిగా వుండదు, వుండకూడదు కూడా. మొదట ఒక తిన్నె మీదనుంచి బంతిని కొట్టుతారు. ముందు కత్తిరించిన పచ్చికదారి వుంటుంది, దాన్ని ఫెయిర్‌వే అంటారు. దారికి అటూ ఇటూ పెరగనిచ్చిన గడ్డి. అక్కడక్కడ బంకర్లనే ఇసుక గుంటలు, వాగులు, చెట్లు. చివర నున్నగా కత్తిరించిన పచ్చిక, దాన్ని గ్రీన్ అంటారు. గుంట అందులో వుంటుంది. తిన్నె నుంచి గుంట దాకా పోయే ఈ పంథాను నేను 'బారు' అంటాను. నూరు గజాలకు కొంచెం పైబడిన బారులూ వుంటవి, అయిదు వందల గజాలు దాటినవీ వుంటవి. నేర్పరి ఒక్కొక్క బారును ఎన్ని దెబ్బల్లో ముగించవలెనో లెక్క వుంటుంది. దాన్ని పార్ అంటారు. పద్దెనిమిదింటికీ కలిపి సాధారణంగా డెబ్బై రెండు దెబ్బలు.

అంటే ఈ ఆటలో ఎదుటి పక్షం నేలే. ఆటగాడు నేలతో ఆడుతాడు. మైదానాన్ని రచించేవాడు నేలచేత ప్రశ్న అడిగిస్తాడు. ఆటగాడు బంతితో జవాబు చెబుతాడు.

ఈ ఆట స్కాట్లండు దేశపు సముద్రపు గట్టున పుట్టింది. 1457లోనే ఆ దేశపు పార్లమెంటు, జనం విలువిద్య మాని దీనిలో పడిపోతున్నారని నిషేధించింది. అంత పాతది. సముద్రానికీ పొలాలకూ మధ్య పంటకు పనికిరాని ఇసుక దిబ్బల నేల వుంటుంది. దాన్ని లింక్సు అంటారు. వర్షం పడితే నీరు నిలవదు, పొట్టి గడ్డి తప్ప పెద్దగా ఏమీ పెరగదు. గొర్రెలు మేసి ఆ గడ్డిని కత్తిరించినట్లు చేసేవట. చలిగాలికి తట్టుకోలేక అవి దిబ్బల చాటున ఒదిగి పడుకొన్న చోట్ల నేల గోతులుపడి, అవే తర్వాత ఇసుక బంకర్లయినవని చెబుతారు. సెయింట్ ఆండ్రూస్ అనే ఊళ్ళో వున్న పాత మైదానం ఇట్లా ఏర్పడినదే. దానికి మొదట రచయిత అంటూ ఎవరూ లేరు. గాలీ, గొర్రెలూ, జనం కాళ్ళూ కలిసి రచించినవి. అక్కడ 1764లో ఇరవైరెండు బారులను పద్దెనిమిదికి తగ్గించినారు. ఇవాళ ప్రపంచమంతా పద్దెనిమిదే ఎందుకంటే ఇదే కారణం.

ఆ మైదానంలో నాకు నచ్చిన చిత్రమొకటి వున్నది. వెళ్ళే బారులూ తిరిగివచ్చే బారులూ గ్రీన్‌లను పంచుకొంటవి. రెండవదీ పదహారవదీ ఒకే గ్రీన్‌లో ముగుస్తవి. మూడవదీ పదిహేనవదీ ఒకే గ్రీన్‌లో. అట్లా కలిసిన ఏ జంటను కూడినా పద్దెనిమిదే వస్తుంది. పిల్లలు ఇంటికి వెళ్ళి కూడి చూడవచ్చు. ఇంతకన్న ముఖ్యమైన సంగతి ఇంకొకటి. అది ఊరిది. క్లబ్బులు చుట్టూ వున్నవి గాని, నేల ఊరి ఉమ్మడి సొత్తు. 1974 నుంచి ఒక ధర్మకర్తల సంస్థ దాన్ని చూస్తున్నది. ఆదివారంనాడు మామూలుగా ఆట ఆపేస్తారు. ఆ రోజు ఊళ్ళోవాళ్ళు పిల్లలతో, కుక్కలతో ఆ పచ్చికమీద షికారు చేస్తారు. కుక్కలంటే మన ఊరివాళ్ళ చెవులు నిక్కపొడుచుకొంటవని నాకు తెలుసు, అందుకే చెప్పినాను.

ఇక మనుష్యులు బుద్ధిపూర్వకంగా రచించిన మైదానాల సంగతి. ఈ విద్యకు పేరు తెచ్చినవారిలో అలిస్టర్ మెకంజీ అనే వైద్యుడొకడు. బోయరు యుద్ధంలో శస్త్రవైద్యుడుగా దక్షిణాఫ్రికాకు పోయి, అక్కడ బోయర్లు కందకాలను నేలలో నేలగా కలిపి ఎట్లా మరుగుపరచినారో చూచినాడు. శత్రువుకు దూరాన్నుంచి అక్కడ కందకమున్నట్లే తెలియదు. లేనిచోట వున్నట్లు తోస్తుంది. ఆ కిటుకును ఆయన తర్వాత బంకర్లకు వాడినాడు. 1920లో మైదాన రచన మీద పుస్తకం వ్రాసినాడు. మనిషి తవ్వినదేదో, ప్రకృతి చేసినదేదో కనిపెట్టలేకుండా వుండవలెననీ, గొప్ప ఆటగాడికీ కొత్తగా నేర్చినవాడికీ కూడా అదే మైదానం సంతోషమివ్వవలెననీ ఆయన మతం.

ఈ రెండవ మాటను కొంచెం విప్పవలె. మైదానాన్ని రచించే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది శిక్షించే పద్ధతి. దారికడ్డంగా ఒక కందకం తవ్వుతారు. దాటితే బతికినావు, దాటకపోతే చచ్చినావు. బలం లేనివాడికి అక్కడ చేయగలిగినదేమీ లేదు. రెండవది ఎంపికనిచ్చే పద్ధతి. దారి వెడల్పుగా వుంటుంది, ఎవరైనా పోవచ్చు. కాని గుంటకు దగ్గరదారి ప్రమాదం పక్కనుంచే వుంటుంది. ధైర్యం చేసినవాడికి ఒక దెబ్బ మిగులుతుంది, తప్పితే రెండు దెబ్బలు పోతవి. జాగ్రత్తపరుడు చుట్టుదారిన పోయి నిదానంగా చేరుతాడు. పులిజూదంలో పులికీ మేకకూ వేరువేరు ఎత్తులున్నట్లు, ఇక్కడ ఒకే నేలమీద బలవంతుడికొక ఎత్తు, బలహీనుడికొక ఎత్తు.

దీనికి పేరుపొందిన ఉదాహరణ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వున్న ఆగస్టా నేషనల్ క్లబ్బు. ప్రయివేటు గోల్ఫు క్లబ్బు అనగానే లోకమంతా తలచుకొనేది దాన్నే. బాబీ జోన్స్ అనే మహా ఆటగాడు 1930లో ఆనాటి నాలుగు పెద్ద పందేలనూ ఒకే ఏట గెలిచి, ఇరవైఎనిమిదో ఏట పందెపు ఆట మానేసినాడు. తర్వాత తన మనసుకు నచ్చిన మైదానం వేయించాలని మెకంజీని పిలిపించినాడు. వాళ్ళు ఎన్నుకొన్నది ఒక పాత మొక్కలతోట. అంతకు పూర్వం అది నీలిమందు పండించిన నేలట. అందుకే అక్కడ ఒక్కొక్క బారుకు ఒక్కొక్క చెట్టు పేరో పువ్వు పేరో పెట్టినారు. 1933లో క్లబ్బు తెరచినారు. 1934లో మొదటి పందెం జరిగింది. దాన్ని చూడకుండానే, అంతకు రెండు నెలల ముందు మెకంజీ చనిపోయినాడు.

ఆ మైదానంలో మొదట ఇసుక గుంటలు ఇరవై పైచిలుకు మాత్రమే. సెయింట్ ఆండ్రూస్‌లో నూటికి పైగా వున్నవి. దారులు వెడల్పు. కష్టమంతా నేల వాలులో పెట్టినారు. పదమూడవ బారు చూడండి. అది ఎడమకు వంగుతుంది. ఆ వంపు పొడుగునా ఎడమపక్కన చిన్న వాగు. ఆ వాగే చివర గ్రీన్ ముందునుంచి అడ్డంగా పోతుంది. వాగుకు దగ్గరగా మొదటి దెబ్బ కొట్టినవాడికి దారి దగ్గరై, రెండవ దెబ్బతోనే వాగు దాటి గ్రీన్ చేరే అవకాశం వస్తుంది. కుడివైపు క్షేమంగా కొట్టినవాడికి దూరం ఎక్కువవుతుంది, వాడు వాగుకు ఇవతల ఆగి మూడవ దెబ్బతో దాటుతాడు. వాగును ఎవరూ తవ్వలేదు. అది అక్కడ ముందే వున్నది. రచయిత చేసినదల్లా దాని పక్కన దారి వేయడం. ఇటీవల కర్రలూ బంతులూ మెరుగుపడి బంతి మరీ దూరం పోతున్నందువల్ల ఆ ప్రశ్న సులువైపోయిందని, 2023లో తిన్నెను వెనక్కు జరిపి ఆ బారును 545 గజాలు చేసినారు. ప్రశ్నలో పదును పోకుండా చూచుకోవడమన్న మాట.

ఇంత చదివిన తర్వాత నాకు ఆ విద్యమీద గౌరవం కలిగింది. దాచను. మంచి యంత్రాన్ని చూచినప్పుడు కలిగే సంతోషమే కలిగింది. మా మేనల్లుడికి ఉత్తరం వ్రాసి, "ఒరే, ఇది ఆషామాషీ ఆట కాదురా" అన్నాను. వాడు అప్పుడే గెలిచినట్లు సంబరపడ్డాడు.

ఇప్పుడు ఈ ఆట మన దేశానికి ఎట్లా వలస వచ్చిందో చూదాము. బ్రిటిషు దీవులకు వెలుపల మొట్టమొదటి గోల్ఫు క్లబ్బు ఏర్పడింది మన కలకత్తాలోనే, 1829లో. తర్వాత 1876లో బెంగుళూరులో, 1895లో మనకు దగ్గరి కొడైకెనాలులో క్లబ్బులు వచ్చినవి. కొడైకెనాలు మైదానం నేను కాలినడకన చూచినాను. అక్కడ నేలంతా కొండవాలు. బంతి కొట్టినవాడు దిగీ ఎక్కీ ఆయాసపడుతాడు. మంచు దిగితే పది గజాల అవతలిది కనపడదు. అడవిదున్నలు దర్జాగా వచ్చి పచ్చిక మేసి పోతవి. వాటికి సభ్యత్వం అక్కరలేదు. చలిదేశంనుంచి వచ్చిన ఆటకు అక్కడ పుట్టింటికి వచ్చినట్లే వున్నది.

మైదాన ప్రాంతానికి వచ్చేసరికి కథ మారింది. కంటోన్మెంటు ఊళ్ళలో ఎండకు పచ్చిక నిలవదు, నీళ్ళు చాలవు. అప్పుడేమి చేసినారు? పచ్చిక గ్రీన్‌ల బదులు ఇసుకలో నూనె కలిపి, పరచి, చదునుచేసి, వాటికి 'బ్రౌన్స్' అని పేరు పెట్టినారు. పచ్చనివి కావు, గోధుమరంగువి. ఒకరి ఆట ముగిసిన తర్వాత అడుగుల గుర్తులు పోయేటట్లు ఒక పలకతో లాగి సరిచేసేవారు. మన ముంగిట్లో కళ్ళాపి చల్లి సాపు చేసినట్లే. చుక్క నీరక్కరలేదు. దేశంలో ఎన్నో చోట్ల చాలాకాలం ఆట అట్లాగే సాగింది. పుట్టినచోటి రూపం కావలెనని పట్టుబట్టకుండా, వచ్చినచోటి నేల ఏమిస్తుందో దానితో సర్దుకొన్నారు. ఆట మాత్రం ఆటే. గుంట కొలత మారలేదు.

ఇంకొక సంగతి విన్నప్పుడు నేను నవ్వుకొన్నాను. వేడిదేశాల మైదానాలలో వాడే మేలైన పచ్చిక ఏమిటయ్యా అంటే 'బెర్ముడా' గడ్డి అన్నారు. ఎక్కడి దొరసానియో అనుకొన్నాను. తీరా చూస్తే అది మన గరిక! వినాయక చవితినాడు మనం దేవుడి తలమీద పెట్టే గరిక, ఇక్కడివారు అరుగంపుల్లు అనే గరిక. జార్జియాలోని టిఫ్టన్ అనే ఊరి శాస్త్రజ్ఞులు ఈ గరికకూ ఆఫ్రికాలోని దాని చుట్టానికీ సంకరం చేసి, పట్టులాంటి రకాలు పుట్టించినారు. అవి ఇప్పుడు పెద్ద వెలకు మనకే తిరిగి వస్తున్నవి. మామూలు గరిక వేసవిలో ఎండి పండుకొంటుంది, చచ్చిపోదు. నాలుగు చినుకులు పడితే లేస్తుంది. ఆ గుణమే దాని గొప్ప. కాని క్లబ్బు సభ్యుడికి మే నెలలో కూడా పచ్చగానే కనపడవలె. అక్కడ వస్తుంది చిక్కు.

ఆగస్టా క్లబ్బును అందరూ పచ్చదనానికి ఆదర్శంగా చూపుతారు. మన మేనల్లుళ్ళు చూచే బొమ్మలన్నీ ఏప్రిల్ నెల పందెం నాటివి. ఆ క్లబ్బు మే చివరినుంచి అక్టోబరు దాకా మూసివేసి వుంటుందని ఎంతమందికి తెలుసు? అంత సిరి వున్న క్లబ్బే ఎండకాలంలో నేలకు విశ్రాంతి ఇస్తున్నది.

మన లెక్క చెబుతాను. ఎండ గట్టిగా వున్న రోజున పచ్చికకు అయిదు మిల్లీమీటర్ల నీరు కావలె. ఒక యెకరం మీద అయిదు మిల్లీమీటర్లంటే సుమారు ఇరవై వేల లీటర్లు. మాకు చూపిన పటంలో తడి పెట్టవలసిన పచ్చిక ఇరవైఅయిదు యెకరాలు. అంటే రోజుకు అయిదు లక్షల లీటర్లు. ఒక ఇంటికి రోజుకు అయిదు వందల లీటర్లు వేసుకొంటే, వెయ్యి ఇళ్ళవారి వాడకం. నీళ్ళు వచ్చే రోజుకోసం బిందెలు వరసలో పెట్టి కాచుకొన్న అనుభవం ఈ సభలోని ఆడవాళ్ళకు కొత్తకాదు. వాళ్ళకు ఈ లెక్క నేను విడమరచి చెప్పనక్కరలేదు.

నీటికన్న పెద్ద సంగతి ఇంకొకటి బయటపడింది. ఆ రంగుల పటం చేతపట్టుకొని, మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకొని నేల మీదకు పోయినాను. పటంలో నాల్గవ బారు ఎక్కడ వున్నదో అడుగులు వేసి కొలుచుకొంటూ పోతే, మేము సరాసరి వాగులో నిలబడి వున్నాము. కొండమీద ఈశాన్యపు వానలు పడినప్పుడు ఆ వాగున నీరు దిగి, కింద కణ్మాయికి పోతుంది. కణ్మాయి అంటే ఇక్కడి చెరువు. ఆ చెరువు నిండితే దాని అలుగు కిందిచెరువుకు. ఎండకాలంలో చూచినవాడికి అది వట్టి ఇసుకపట్టు. పటం వ్రాసినవాడు ఎండకాలంలో వచ్చినాడు కాబోలు. వాగును పూడ్చి, దానిమీద పచ్చిక పరచి, పక్కన అందానికి నీలిరంగు కుంట ఒకటి తవ్వినాడు. మేనల్లుడు కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మామా, మీ మెకంజీ అయితే వాగును పూడ్చేవాడు కాదుగదా" అన్నాడు. వాడికి విషయం నాకన్న ముందే అర్థమైనట్లు నాకు తోచింది.

అవును. మెకంజీ అయితే వాగు పక్కన దారి వేసేవాడు. నేల చెప్పేది వినకుండా వేసిన మైదానం, ఆటగానే చెడ్డ మైదానం. ఇది నేను పర్యావరణం మీద ప్రేమతో మాత్రమే అంటున్నమాట కాదు. ఆ విద్యలో పండినవాళ్ళే ఈ మాట అన్నారు.

నేల సంగతి అయింది. ఇక గేటు సంగతి. ప్రయివేటు క్లబ్బు స్వభావమంతా గేటు దగ్గర తెలుస్తుంది. ఇంత చక్కగా రచించిన ఆగస్టాలో 1990 దాకా నల్లజాతివాడొక్కడు సభ్యుడు కాలేదు. 2012 దాకా స్త్రీ ఒక్కతె సభ్యురాలు కాలేదు. కాని 1982 దాకా అక్కడి పందెంలో ఆటగాళ్ళ సంచులు మోసి, ఏ వాలులో బంతి ఎటు పోతుందో చెప్పిన కాడీలు నల్లవాళ్ళే. నేలను అందరికన్న బాగా చదివినవాడికి ఆ నేలమీద హక్కు లేదు. మన చెన్నపట్నంలో మాత్రం? తెల్లవారి క్లబ్బుల్లోకి మనవారిని రానివ్వని రోజుల్లో, 1873లో, కాస్మాపాలిటన్ క్లబ్బు ఏర్పడింది. ఆ క్లబ్బే తర్వాత సొంత గోల్ఫు మైదానం కూడా వేసుకొన్నది. ఒక గేటు మూసినందుకు ఇంకొక గేటు పుట్టింది. దానికి కూడా గేటే!

హైదరాబాదులో గోల్కొండకోటకు చేర్చి కట్టిన నయాకిలా వున్నది. వందల యేళ్ళ వయస్సున్న బ్రహ్మాండమైన ఏనుగు చింత అక్కడ వున్నది. హతియాన్ ఝాడ్ అంటారు. పదిమంది చేతులు కలిపినా దాని బోదె అందదు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆ కోటగోడల నడుమ గోల్ఫు మైదానం వేసినారు. పాత కట్టడాలమధ్య బంతి ఆడడం చూడడానికి గొప్పగానే వుంటుంది. కాని చారిత్రక స్థలంలో మట్టి ఎత్తిపోయడమేమిటి, ఊరివారు చూడవలసినచోటికి అడ్డమేమిటి అని వివాదం చాలాకాలం నడిచింది. అందమైనదాన్ని కొందరికే చేయడంలో ఈ తగాదా ఎప్పుడూ వుంటుంది.

ఈ సందర్భంలో నాకు మన ఊళ్ళోని ఒక గేటు జ్ఞాపకం వస్తుంది. కుమారస్వామి రాజాగారు 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా వున్నవారు, తర్వాత ఒరిస్సా గవర్నరుగా చేసినవారు. ఆయన తన సొంత ఇంటినే గాంధీ కళామండ్రానికి ఇచ్చివేసినారు. ప్రయివేటు ఇల్లు ఊరి ఇల్లయింది. మనం ఆ ఊరివాళ్ళం. అది మరచిపోయి, ఉమ్మడి వాగును ప్రయివేటు కుంట చేస్తే, మన పిల్లలకు ఏ ముఖంతో ఆయన కథ చెబుతాము?

ఇంటిలో అందరం కూర్చున్నాము. నేను గోల్ఫు వద్దనలేదు. నా మాట ఇది: "వేస్తే వేయనీయండి. వాగు జోలికి పోరాదు, మామిడి చెట్లు కొట్టరాదు. పై మెట్టలో ఆరు బారులో తొమ్మిది బారులో పట్టినన్ని పట్టనీయండి. మామూలు గరిక వేయండి, ఎండినప్పుడు ఎండనీయండి. గ్రీన్‌ల బదులు ఇసుకవి పెట్టండి. వారానికొకరోజు గేటు తీయండి." వదినెగారు, "వాళ్ళు ఒప్పుకొంటే నాకేమీ అభ్యంతరం లేదు" అన్నారు. వచ్చినవారు మర్యాదగా విని, ఇది తమ సభ్యులకు పనికిరాదని చెప్పి, పటం చుట్టుకొని వెళ్ళిపోయినారు. దాయాదుల్లో ఇద్దరు నామీద ఇంకా కోపంగానే వున్నారు. పెళ్ళిలో కనపడితే పలకరిస్తారు గాని కూర్చోరు. ఆ ఆదాయం పోయిన మాట నిజమే. వాళ్ళకు పిల్లల చదువుల అప్పులున్నవి. దాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. నా లెక్క తప్పని ఎవరైనా చూపిస్తే మళ్ళీ కూర్చోవడానికి సిద్ధంగా వున్నాను.

మేనల్లుడు మాత్రం కోపం పెట్టుకోలేదు. మొన్న సంక్రాంతికి వచ్చి, పై మెట్టలో మూడు చోట్ల నేల తవ్వి, పాత ఇత్తడి చెంబులు మూడు పాతినాడు. వదినెగారు చెంబులకోసం కేకలేసినారనుకోండి. వాగు పక్కనుంచి ఒక బారు, మామిడిచెట్టు చుట్టూ ఒక బారు, గట్టుమీదనుంచి ఒక బారు. ఇంటి పిల్లలూ, తోటలో పనిచేసేవారి పిల్లలూ కలిసి సాయంత్రాలు ఆడుతున్నారు. నేనూ ఒకరోజు కర్ర పట్టినాను. వాగు పక్కన దగ్గరదారికి ఆశపడి కొట్టినాను. బంతి ఇసుకలో పడింది. ఒక చిన్నపిల్ల, "తాతా, అటు చుట్టూ పోకూడదా?" అని అడిగింది. నాకు ఆగస్టా పదమూడవ బారు మొత్తం ఆ ఒక్కమాటలో అర్థమైంది.

సోదరులారా, మనం కూడా వలస వచ్చినవాళ్ళమే. మన పెద్దలు కృష్ణా గోదావరుల ఒడ్డును ఇక్కడ కట్టబోలేదు. ఈ కొండల వాననూ, ఈ చెరువుల వరసనూ తెలుసుకొని, ఈ నేలకు తగినట్లు బతికినారు. ఇంటిలో భాష మాత్రం తెలుగే. గుంట కొలత మార్చలేదు, దారి మార్చుకొన్నారు. సముద్రపు ఇసుకలో పుట్టిన ఒక ఆట మన కంటోన్మెంట్లకు వచ్చి నేర్చుకొన్నదీ అదే. నేను మీకు గోల్ఫు నేర్చుకోమని చెప్పడానికి రాలేదు. రేపు ఎవరైనా మీ నడవలో రంగుల పటం పరచినప్పుడు, అది గోల్ఫుదైనా సరే, విడిదిదైనా సరే, మరేదైనా సరే, ఆ పటం చేతపట్టుకొని ఒకసారి నేలమీద నడచిరండి. మీ కాళ్ళకింద వాగు వున్నదేమో చూచుకోండి. అంతే నా మనవి.

 పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందని ఎవరూ అనుకోరని నమ్ముతున్నాను. అందరికీ కొత్త సంవత్సరం శుభం కలిగించుగాక. మన చెరువులు నిండుగాక.